ఆ ఒక్క సాయంత్రం రైస్ కుక్కర్ బయటికి తియ్యకండి

మేం ఓర్లాండో నుంచి తిరిగొచ్చి పదిరోజులైంది. ఉతకాల్సిన బట్టలు నిన్నటికి పూర్తయ్యాయి. కారు డిక్కీలో పడ్డ పులిహోర నూనె మరక మాత్రం ఇంకా పోలేదు.

డిస్నీకి బయల్దేరే మన ఆడవాళ్ళు, వెళ్ళొచ్చినవాళ్ళని మొదట అడిగేది రైడ్ల గురించి కాదు. "రైస్ కుక్కర్ పట్టుకెళ్ళాలా?" అని. వచ్చిన దగ్గర్నుంచి నన్ను ముగ్గురు అడిగారు. ముగ్గురికీ ఒకటే చెప్పాను. పట్టుకెళ్ళండి. కానీ ఒక్క సాయంత్రం దాన్ని బయటికి తియ్యకండి. ఆ సాయంత్రం మంచి చోట కూర్చోండి, మీకంటూ ఒక ప్లేటు తెప్పించుకోండి, అది వేడిగా ఉండగానే తినండి.

ఇందులో పెద్ద విశేషం ఏముంది అనిపిస్తుంది. నాకూ అనిపించేది. ఒక స్టేక్ ముందు కూర్చున్నాక గానీ తెలియలేదు.

మేం అట్లాంటా దగ్గర ఉంటాం. అక్కణ్ణుంచి ఓర్లాండోకి కారులో ఏడు గంటలు. నేను, మా ఆయన, కాలేజీలో చేరిన మా పెద్దది, తొమ్మిదో క్లాసు చదివే చిన్నాడు, ఊరి నుంచి వచ్చి ఆరు నెలలు మా దగ్గరుంటున్న మా అత్తయ్య. పార్కు బయట చిన్న వంటగది ఉన్న గది తీసుకున్నాం. వంటగది ఉందని తెలియగానే మా ఆయన ఎంత సంతోషించారో! "ఇంక తిండికి ఇబ్బంది లేదు" అన్నారు. ఆయనకి లేదు. నిజమే.

మొదటి రెండు రోజులూ నేను ఐదింటికి లేచాను. ఒకరోజు పులిహోర, ఒకరోజు చపాతీలు, ఉడకబెట్టిన గుడ్లు, అత్తయ్యకి విడిగా పెరుగన్నం. డిస్నీ పార్కుల్లోకి మన తిండి మనం తీసుకెళ్ళనిస్తారు. గాజు సీసాలు, మద్యం, విడి ఐసు మాత్రం వద్దంటారు. కాబట్టి సంచి నా భుజానికే. రాత్రి పదింటికి గదికి వచ్చేసరికి ఫోను ఇరవై వేల అడుగులు దాటావని మెచ్చుకునేది. చెప్పులు విప్పకుండానే బియ్యం కడిగి పెట్టేదాన్ని. వాళ్ళు తింటూ ఉంటే నేను పొయ్యి దగ్గర నిలబడి ఆమ్లెట్లు వేసేదాన్ని. "నువ్వు తినవా?" అని మా ఆయన అడిగేవారు. "మీరు కానివ్వండి, నేను తర్వాత" అనేదాన్ని. ఇరవై రెండేళ్ళుగా ఆయన అదే ప్రశ్న, నాదదే జవాబు. ఇద్దరిలో ఎవరం అబద్ధం ఆడటం లేదు, కానీ ఎవరం మార్చడమూ లేదు. పండగపూట కూడా పాత మొగుడేనా అన్న సామెత ఉంది కదా. నా వరకు సెలవులో కూడా పాత పొయ్యే అయింది.

మా చిన్నాడికి ఈ ట్రిప్పులో ఒకటే కోరిక, మంచి స్టేక్ తినాలని. రెండో రోజు రాత్రి పార్కు బయట రోడ్డు మీద, బోర్డు చూసి, ఒక చోటికి వెళ్ళాం. లోపల కిటకిట. ప్లేట్లు తయారై కౌంటర్ మీద ఎర్రలైట్ల కింద వరసగా నిలబడి ఉన్నాయి, తెచ్చిచ్చే మనిషి లేడు. మా దగ్గరికి వచ్చేసరికి మాంసం పైన తడి ఆరిపోయి, అంచులు బిగుసుకుని ఉంది. చిన్నాడు కోస్తుంటే బల్ల కదిలింది. పాపం, వాడు ఏమీ అనలేదు. గదికి వచ్చి పెరుగన్నం అడిగాడు. నేను మళ్ళీ బియ్యం కడిగాను.

ఆ రాత్రి మా పెద్దది ఫోను పట్టుకుని కూర్చుంది. డిస్నీలో పేరున్న హోటళ్ళలో బల్ల కావాలంటే 60 రోజుల ముందే బుక్ చేసుకోవచ్చు. మేం 60 రోజుల ముందు చేసిన పని టికెట్లు కొనడం, పచ్చళ్ళు ప్యాక్ చెయ్యడం. కానీ ముందు బుక్ చేసుకున్నవాళ్ళు కొందరు ఆఖరి రోజుల్లో మానుకుంటారు, ఆ ఖాళీలు ఫోనులో కనిపిస్తుంటాయి. అది గంటకోసారి చూస్తూనే ఉంది. పొద్దున్న నేను లేచేసరికి, "అమ్మా, రేపు ఎప్‌కాట్‌లో 4:20కి ఐదుగురికి దొరికింది. రేపు సాయంత్రానికి ఏమీ వండొద్దు" అంది.

"4:20 ఏంటే, అది భోజనం వేళా, టీ వేళా?" అన్నాను. "దొరికిన వేళ" అంది.

ఎప్‌కాట్ 1982లో తెరిచిన పార్కు. అందులో ఒక చెరువు చుట్టూ పదకొండు దేశాల పేరుతో పదకొండు చోట్లు కట్టారు. కెనడా భాగంలో, పెద్ద కోటలాంటి కట్టడం పక్కన, పూలతోట దాటి లోపలికి వెళ్తే ల సెల్యే అనే స్టేక్‌హౌస్ ఉంటుంది. పాతకాలపు ద్రాక్షసారాయి నేలమాళిగలా కట్టారు. రాతి గోడలు, తక్కువ వెలుతురు, కిటికీలు లేవు. ఫ్లోరిడా ఎండలోంచి అందులోకి దిగితే, మిట్టమధ్యాహ్నం మన ఊళ్ళో పెంకుటింటి నడవలోకి అడుగుపెట్టినట్టు ఉంది. అత్తయ్య కుర్చీలో కూర్చుని "అమ్మయ్య" అన్నారు. ఆ రోజు ఆవిడ అన్న మొదటి మంచిమాట అదే.

అందరికీ మెనూలు ఇచ్చారు. మా పెద్దది చదివి చెప్పడం మొదలుపెట్టగానే అత్తయ్య ముందుకి వంగి, గొంతు బాగా తగ్గించి, నన్ను అడిగారు. "అమ్మాయ్, ఇది పెద్దకూరేనా?"

చుట్టుపక్కల తెలుగు తెలిసినవాళ్ళు ఒక్కరు లేరు. అయినా ఆవిడ గుసగుసగానే అడిగారు. నేనూ గుసగుసగానే "అవునత్తయ్యా" అన్నాను. మా పెద్దది మా ఇద్దరినీ వింతగా చూసింది.

దానికి తెలియదు. మాది గుంటూరు వైపు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా ఇంట్లో పెద్దకూర వండేవాళ్ళు, వీధి వైపు కిటికీ మూసి. ఆ మాట బయట అనకూడదని మాకు అక్షరాలతో పాటే నేర్పారు. హాస్టల్లో ఉండి తెలుగు బి.ఏ. చదివిన మూడేళ్ళూ, ఇంటికెళ్ళొస్తే ఏం తిన్నావని ఎవరడిగినా "మటన్" అనేదాన్ని. ఎన్ని తెలుగు మాటలు నేర్చుకున్నానో, ఆ ఒక్క తెలుగు మాట మాత్రం నోట్లోనే దాచుకున్నాను. ఇక్కడ అదే తిండిని దేశం పేరుతో కట్టిన కోట పక్కన పెట్టి, తెల్లటి గుడ్డ కట్టుకున్న కుర్రాడు గొప్పగా వర్ణిస్తున్నాడు. ఒక్కో ప్లేటు 60 డాలర్ల పైమాట. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఆకలిగా ఉంది కాబట్టి మెనూలోకి చూశాను.

ఆ కుర్రాడు ఆర్డరు నా దగ్గర మొదలుపెట్టాడు. నేను అలవాటుగా, "ముందు వాళ్ళని అడగండి, మిగిలింది నేను చూసుకుంటాను" అన్నాను. అతనికి అర్థం కాలేదు. మిగలడం ఏమిటి? ఇక్కడ గిన్నె లేదు. ఎవరికి చెప్పింది వాళ్ళకే చేస్తారు. నేను చెప్పకపోతే నాకు రాదు.

చాలా చిన్న విషయం. కానీ నా బుర్రలో ఏదో కదిలింది అక్కడే.

మన కూర గిన్నెలో ఉంటుంది. అమ్మ అందరికీ వడ్డిస్తుంది. ముక్కలు నాన్నకి, తర్వాత మగపిల్లలకి, తర్వాత ఆడపిల్లలకి. ఆఖర్న అమ్మ గిన్నెలో అన్నం వేసి, అంచులకి అంటిన గుజ్జు తుడిచి తింటుంది. "నాకు ఈ అడుగుదే ఇష్టం" అంటుంది. మా అమ్మ అనేది. నేనూ అంటాను. మా అమ్మకి ముక్క ఇష్టమో, గుజ్జు ఇష్టమో తెలుసుకునే అవకాశం మాకు ఎవరికీ రాలేదు. ఎందుకంటే ఆవిడ వంతు వచ్చేసరికి ముక్క ఎప్పుడూ ఉండేది కాదు.

ఆ గిన్నె కూర తీరే అంత. పని చేసి చేసి ముదిరిన దున్న మాంసం. కుక్కర్లో పది కూతలు వస్తే గానీ పన్ను దిగదు. నెమ్మదిగా ఉడుకుతున్నకొద్దీ కండల మధ్యనున్న గట్టి పీచు కరిగి జిగురై పులుసులో కలుస్తుంది. గోంగూర వేశామంటే మర్నాటికి ఇంకా బాగుంటుంది. అది ఎంతసేపైనా ఆగుతుంది. మనమూ ఆగుతాం.

స్టేక్ ఆగదు. దానికి తీసేది వీపు వైపు మాంసం, ఆ పశువు పెద్దగా కష్టపెట్టని కండ. నాకొచ్చిన ఫిలే మినియన్ అన్నిటికన్నా తక్కువ పనిచేసే కండ నుంచి తీస్తారు, అందుకే అంత మెత్తన. దాన్ని ఎక్కువసేపు ఉడికిస్తే చెడుతుంది. గట్టి మంట మీద పైపొర ఎర్రగా వేగాలి, లోపల తడి ఉండాలి. దించాక కొన్ని నిమిషాలు కదపకుండా ఉంచి బల్ల మీదికి తెస్తారు. అక్కణ్ణుంచి దాని మంచితనం పావుగంట. తర్వాత కొవ్వు బిగుసుకుంటుంది, మళ్ళీ వేడి చేస్తే చెప్పుతోలు. రెండో రోజు రాత్రి మేం తిన్నది వంట తెలియనివాళ్ళు చేసింది కాకపోవచ్చు. లైట్ల కింద నిలబడి చచ్చింది.

ఎలా కాల్చాలి అని అడుగుతారు. ముందే అనుకుని వెళ్ళండి. లోపల ఎరుపు ఉంటే మీడియం రేర్, లేత గులాబీ అయితే మీడియం, ఎక్కడా ఎరుపు లేకపోతే వెల్ డన్. అందులో కనిపించే ఎర్రనీళ్ళు రక్తం కాదు, కండలో ఉండే ప్రోటీన్ రంగు. అమెరికా వ్యవసాయశాఖ అయితే లోపలి వేడి 145 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరాక 3 నిమిషాలు ఆగి తినమంటుంది. నేను మీడియం చెప్పాను. అత్తయ్య "నల్లగా మాడ్చమను" అన్నారు. మా పెద్దది దాన్ని మర్యాదగా ఇంగ్లీషులోకి మార్చింది.

ముందు చీజ్ సూపు వచ్చింది. ఆ హోటల్ దానికే పేరు. అత్తయ్య రెండు చెంచాలు తాగి "గంజిలో జున్ను కలిపినట్టుంది, బాగుంది" అన్నారు. అందులో బీరు పోస్తారన్న సంగతి మేం నలుగురం ఇప్పటికీ ఆవిడకి చెప్పలేదు.

తర్వాత ఐదు ప్లేట్లు ఒక్కసారి వచ్చాయి. ఐదూ పొగలు కక్కుతూ. నేను లేవబోయాను. దేనికి లేవాలి? మంచినీళ్ళు ఉన్నాయి. ఉప్పు ఉంది. తేవాల్సింది, వడ్డించాల్సింది ఏమీ లేదు. మళ్ళీ కూర్చున్నాను.

పక్కన చూస్తే అత్తయ్య తన ముక్కని సగానికి కోసి, ఫోర్కుతో ఎత్తి మా ఆయన ప్లేటులో పెట్టబోతున్నారు.

"అమ్మా, నాకు ఉందిగా" అన్నారాయన.

"నేనింత ఏం తింటానురా. వేడిగా ఉంది, తిను."

"నాయనమ్మా, నీది కూడా వేడిగానే ఉంది. నువ్వు తిను" అంది మా పెద్దది.

ఫోర్కు కాసేపు గాల్లో ఆగింది. కొడుకు ప్లేటులో అంతే ముక్క ఉంది. మనవడికి ఉంది. కోడలికి ఉంది. ఇవ్వడానికి ఎవరికీ తక్కువ లేదు. ఆవిడ మెల్లిగా ఫోర్కు వెనక్కి తెచ్చుకున్నారు. సంచిలోంచి చిన్న డబ్బా తీసి ఇంత కారప్పొడి చల్లుకున్నారు. తర్వాత తల వంచుకుని, మాట్లాడకుండా, మొత్తం తిన్నారు. డెబ్బై ఒక్క ఏళ్ళు ఆవిడకి. నలుగురు పిల్లల్ని పెంచారు. తిన్నాక నా వైపు తిరిగి, "ఇంత ముక్క ఒక్కదాన్నే తినడం ఇదే" అన్నారు. సంతోషంగా అన్నారో, తప్పు చేసినట్టు అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ కావచ్చు.

నాది ఎలా ఉంది అంటారా? పైన మిరియం ఘాటు, కరకర, లోపల వెన్న. నమలాల్సిన పనే లేదు. పక్కన పుట్టగొడుగులు వేసి చిక్కగా వండిన ఇటలీ అన్నం. కానీ నాకు బాగా గుర్తున్నది రుచి కన్నా వేడి. మొదటి ముద్ద నుంచి ఆఖరి ముద్ద దాకా వేడిగా, ఎవరూ పిలవకుండా, కూర్చుని తిన్నాను.

ఇప్పుడు ఖర్చు మాట. బిల్లు, ఆరున్నర శాతం పన్ను, టిప్పు అన్నీ కలిపి 400 డాలర్లు దాటింది. మా ఆయన అది చూసి నిట్టూర్చారు. "దీంతో నెల సామాను వచ్చేది" అన్నారు. వచ్చేది. నేను కాదనను. కానీ ఆ రోజు పార్కులోకి వెళ్ళడానికి ఒక్కో మనిషికి 100 డాలర్ల పైన కట్టాం. కారు నిలపడానికి విడిగా కట్టాం. అప్పుడు సామాను ఎవరికీ గుర్తు రాలేదు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవడం అమ్మ భోజనం దగ్గరే ఎందుకు వస్తుంది? ఇంటి వంట వల్ల డబ్బు మిగిలింది అంటాం కదా, ఆ మిగిలిన డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఐదింటికి లేచిన నిద్రలోంచి, రాత్రి పదింటికి నిలబడ్డ కాళ్ళలోంచి వచ్చింది. బిల్లు రాని ఖర్చు కాబట్టి ఎవరికీ కనిపించదు. రోజూ ఇలా తినమని నేను అనడం లేదు. మాకూ స్తోమత లేదు. వారంలో ఒక్క పూట.

తప్పు పూర్తిగా మగవాళ్ళదే అని కూడా అనను. మా ఆయన ఏనాడూ నన్ను ఆఖర్న తినమనలేదు. నేనే ఆ జాగా పట్టుకుని కూర్చున్నాను. అందరూ తిన్నాక తినడంలో ఒక చిన్న గర్వం ఉంటుంది, మనకి మాత్రమే తెలిసిన గర్వం. దాన్ని వదులుకోవడం కష్టం. అత్తయ్య ఫోర్కు గాల్లో ఆగినప్పుడు నేను చూసింది ఆవిడని కాదు, ఇంకో పాతికేళ్ళకి నన్ను. ఆ తర్వాత నా కూతురిని. అది ఇప్పుడు "నువ్వు తిను" అంటోంది. పెళ్ళయ్యాక తన వంటింట్లో ఏమంటుందో అది ఈ పదేళ్ళలో నన్ను చూసి నేర్చుకునేదాన్ని బట్టి ఉంటుంది.

"మేం అది తినం కదా" అనేవాళ్ళు ఉంటారు. తినకండి. స్టేక్‌హౌసుల్లో చేపా, కోడీ దొరుకుతాయి. ఇంకా నయం, యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అని ఒక హోటల్ ఉంది. అక్కడ వేడివేడి నాన్‌లు రకరకాల పచ్చళ్ళతో తెస్తారు, కిటికీ బయట జిరాఫీలు తిరుగుతుంటాయి. దానికి పార్కు టికెట్ కూడా అక్కర్లేదు. ఏం తిన్నారన్నది మీ ఇష్టం, మీ ఇంటి పద్ధతి. నేను అడిగేది రెండే. ఆ ప్లేటు మీది అయి ఉండాలి. అది వేడిగా ఉండాలి. అరవై రోజుల ముందు పచ్చడి జాడీలు లెక్కపెట్టుకునేటప్పుడే ఆ బల్ల కూడా బుక్ చేసుకోండి. దొరక్కపోతే రోజూ చూస్తూ ఉండండి, మాలాగే ఏ 4:20కో దొరుకుతుంది.

మొన్న ఆదివారం ఇంట్లో పెద్దకూర వండాను. గోంగూరతోనే, పది కూతలతోనే. గిన్నె బల్ల మధ్యలో పెట్టలేదు. ఐదు కంచాలు వరసగా పెట్టి, ముక్కలు లెక్క చూసి ముందే వడ్డించేశాను, మొదటి కంచం అత్తయ్యది. అన్నం గిన్నె మాత్రం బల్ల మీద ఉంచి, ఇంకా కావాల్సినవాళ్ళు పెట్టుకోండి అని కూర్చున్నాను. మధ్యలో చిన్నాడు "అమ్మా, నీళ్ళు" అన్నాడు. అలవాటుగా కాలు కదిలింది. మా ఆయన లేచి తెచ్చారు.

అత్తయ్య కిటికీ వైపు చూశారు. అది తెరిచే ఉంది. ఆవిడ ఏమీ అనలేదు. నేనూ మూయలేదు.